కిటికీ అట్ట

పై గది,
ప్రెస్సు వెనక సందు.
బళ్లు తెరిచిన రెండో వారం.

హెడ్మాస్టరు గారికి,

మీ అక్క పోయిన రోజు నుంచి మన మధ్య మాటలు లేవు. అందువల్ల నాకు వచ్చిన నష్టమేమీ లేదు, మీకూ వచ్చి ఉండదు. నాలుగు సందుల అవతల ఉన్న మనిషికి స్టాంపు అంటించి ఉత్తరం వేస్తుంటే పోస్టుమాన్ నవ్వుకుంటాడు. నవ్వుకోనివ్వండి. మీ గుమ్మం ఎక్కనని ఆవిడ శవం పక్కన నిలబడి అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

సంగతి పిచ్చుకది. మా అమ్మాయి కూతురు, మీ మేనకోడలి కూతురు, మీ బడిలో నాలుగో తరగతి రెండోసారి చదువుతున్న పిల్ల. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. మీ బడిలో ఏమంటారో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే నేను చెబుతాను. తోక అంటారు.

ఆ పేరు పెట్టింది పిల్లలే, కానీ పురుడు పోసింది మీరు. రోజూ పొద్దున మీరు మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాలుగో తరగతి వాళ్లు వరసలో వస్తారు. ఒక్కొక్కరిని ఒక ఎక్కం అడుగుతారు. చెప్పినవాడు క్లాసులోకి, చెప్పలేనివాడు వరస చివరికి. ఆఖరున మిగిలినవాళ్లు రెండో గంట కొట్టి లోపలికి పోవాలి. ఆ గంట మోగగానే బడి మొత్తం "తోక వచ్చేసింది" అంటుందట. మా పిల్ల నాతో ఈ మాట ఏడుస్తూ చెప్పలేదు. జోకు చెప్పినట్టు చెప్పింది. దానికే నాకు భయం వేసింది.

మా అమ్మాయి నర్సు కదా, వాళ్ల ఆస్పత్రిలో ఇలాంటి పిల్లల్ని పరీక్షించే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లింది. మూడు రోజులు పొద్దున్నే కూర్చోబెట్టి చూసి ఆవిడ చెప్పింది: ఇది బద్ధకం కాదు, మందబుద్ధి కాదు, దీన్ని డిస్కాల్క్యులియా అంటారు. చదవడం, మాట్లాడటం, జ్ఞాపకం అన్నీ వయసుకి మించి ఉన్నాయి. అంకె దగ్గరికొచ్చేసరికి మాత్రం కింద నేల ఉండదు. ఇవాళ వచ్చిన ఎక్కం రేపు ఉండదు. తొందరపెడితే ఉన్నది కూడా పోతుంది.

కనుక ఆ వరసలోంచి దాన్ని తీసేయండి. అడుక్కోవడం లేదు, చెబుతున్నాను.

ఇట్లు,
మీ అక్క మొగుడు.


హెడ్మాస్టరు గది.
మర్నాడు సాయంత్రం.

బావగారికి నమస్కారాలు.

నన్ను 'మీరు' అని ఇంత తిట్టొచ్చని ఇవాళే తెలిసింది.

ఆ వరస నేను కనిపెట్టింది కాదు. నాకు ముందు హెడ్మాస్టరు పెట్టాడు, ఆయనకి ముందు ఎవరో పెట్టారు. దాని వల్లే ఈ బడి పిల్లలు కొట్లో చిల్లర దగ్గర మోసపోరని ఊరంతా చెప్పుకుంటారు. వరసలో నిలబడి భయంతో నేర్చుకున్నవాళ్లలో ఇంజనీర్లున్నారు, వాళ్లలో ఇద్దరు వచ్చి నా కాళ్లకు దండం పెట్టి వెళ్లారు. నేర్చుకోని వాళ్ల సంగతేమిటని మీరు అడుగుతారు. వాళ్లు రారు కాబట్టి నాకు తెలియదు.

కొత్త జబ్బులకి కొత్త పేర్లు వస్తున్నాయి. మన రోజుల్లో దీన్ని 'లెక్కలు రాకపోవడం' అనేవాళ్లం. మా అక్కకీ రాలేదు. దానికి ఏ డాక్టరూ పేరు పెట్టలేదు. ఆవిడ సంసారం చేయలేదా?

రూలు మీకు తెలుసు, అయినా గుర్తుచేస్తున్నాను. ఒకే తరగతిలో రెండుసార్లు తప్పితే బడి నుంచి టీసీ ఇచ్చి పంపేస్తారు. ఆ రూలు కమిటీది, నాది కాదు. లెక్కల్లో ముప్పయ్యైదు రాకపోతే నా మనవరాలైనా అంతే. అది నా మనవరాలే కదా.

మీ బావమరిది.


పై గది,
ప్రెస్సు వెనక సందు.
మొదటి వానలు.

హెడ్మాస్టరు గారికి,

మీ అక్క సంసారం ఎలా చేసిందని అడిగారు. చెబుతాను.

మా కాపురం కొత్తలో మీరు మా ఇంటికొచ్చి భోజనం దగ్గర కూర్చుని, "అక్కా, పదిహేడు ఎనిమిదులు ఎంత?" అని అడిగేవారు. అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. ఆ నవ్వు మీరు చూశారు. వంటగదిలోకి వెళ్లాక ఆ ముఖం నేను చూశాను.

ఆవిడ ఎప్పుడూ గడియారం చూసేది కాదు, వినేది. కింద మిషను మొదలైతే ఇంత, సైరను కూస్తే ఇంత, మీ బడి గంట కొడితే ఇంత, సాయంత్రం పేపరు కట్టలు లారీలో పడిన చప్పుడైతే ఇంత. పెళ్లయిన రెండో ఏడు ప్రెస్సులో సమ్మె జరిగింది. మిషన్లు ఆగిపోయాయి. ఆవిడ రోజంతా గదిలో అటూ ఇటూ తిరిగింది. అప్పుడు తెలిసింది నాకు. తెలిసినట్టు ఆవిడకి తెలియనివ్వలేదు. అలా చేసింది సంసారం.

ఆ మనిషి పోయిన రోజు నలుగురిలో మీరేమన్నారు? "గడియారం చూడటం రాని మనిషి మందులు వేళకి ఎలా వేసుకుంటుంది? బావగారు చూసుకోవలసింది." ఒక్క మాటతో ఇద్దరిని చంపారు. ఒకరు అప్పటికే పోయి ఉన్నారు కనుక మీకు సగమే పని.

సరే. పిచ్చుక సంగతి.

ఆ డాక్టరమ్మ చెప్పిన ప్రకారం సాయంత్రాలు దాన్ని నా బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంటున్నాను. పాత చొక్కాల గుండీలు పోగుచేశాను. బల్ల మీద ఐదు గుండీలు పోస్తే మీకూ నాకూ చూడగానే ఐదు. అది ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంది. చేయి అడ్డం పెట్టి తీస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. దానికి అవి ప్రతిసారీ కొత్తగా పరిచయం చేసుకోవలసిన మనుషులు. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, పాచిక మీద ఉన్నట్టు పెట్టమంది ఆవిడ. పదిహేను రోజులు అలాగే పెట్టాను. నిన్న చూడగానే "ఐదు" అంది. తనకు తనే ఆశ్చర్యపోయి, అబద్ధమేమోనని మళ్లీ లెక్కపెట్టుకుంది.

పేజీ నిండా లెక్కలుంటే దాని కళ్లు చెదురుతాయి. పై వరసలో అంకె కింది వరసలోకి దూకుతుంది. నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ని, ఆ జబ్బుకి నా దగ్గర మందుంది. అట్టముక్కలో ఒక్క లైను మాత్రమే కనిపించేంత సందు కోసి ఇచ్చాను. మేం ప్రెస్సులో అలాగే చదివేవాళ్లం, పక్క లైను కన్నుని లాక్కోకుండా. దాని అంచున సున్నా నుంచి ఇరవై దాకా చుక్కలు గీశాను. అది దానికి 'కిటికీ అట్ట' అని పేరు పెట్టింది. బడికి తీసుకెళితే క్లాసు టీచరు లాక్కున్నాడట, కాపీ అని. చుక్కలు చూసి కాపీ కొట్టగలిగితే లోకంలో ఇంతమంది మూర్ఖులుండరు.

వరస సంగతి మళ్లీ చెబుతున్నాను.

ఇట్లు.


హెడ్మాస్టరు గది.
వానలు తగ్గాక.

బావగారికి,

పిల్లని వరస నుంచి తప్పించాను. ఇక దాన్ని ఎవరూ ఎక్కం అడగరు. బడి చరిత్రలో ఇది మొదటిసారి.

మరో సంగతి. కమిటీ వాళ్లు ఎక్కడో చూసొచ్చి లెక్కల్లో వెనకబడిన పిల్లలకి వేరే క్లాసు పెట్టారు. ఒక కుర్ర టీచరమ్మ వచ్చింది. సంచీలో రంగు పుల్లలు, గుండీలు, కోడిగుడ్ల అట్టలు తెచ్చుకుంది. పాఠం చెప్పడానికొచ్చిందో దుకాణం పెట్టడానికొచ్చిందో తెలియలేదు. ఈ చుట్టుపక్కల ఇంకే బడిలోనూ ఇలాంటి క్లాసు లేదని కమిటీ సెక్రటరీ గొప్పగా చెబుతున్నాడు. పిచ్చుకని వారానికి మూడు పూటలు అక్కడికి పంపుతున్నాను. సంవత్సరం చివర పరీక్ష మాత్రం అందరితో పాటే.

అట్ట తిరిగి ఇప్పించాను.

బావమరిది.


పై గది.
ఆ వారమే.

ఒరే బావమరిదీ,

వరస నుంచి తప్పించానని రాశావు. ఏం చేశావో రాయలేదు. పిచ్చుక చెప్పింది.

దాన్ని వరసలోంచి తీసి గంట స్తంభం దగ్గర నిలబెట్టావు. రోజూ అందరూ లోపలికి పోయాక రెండో గంట అదే కొట్టాలి. ఇదివరకు ఎప్పుడైనా ఇంకొకడు ఆఖర్న మిగిలితే దానికి ఒక రోజు సెలవు దొరికేది. నువ్వు ఆ సెలవు కూడా లేకుండా చేశావు. తోక ఉద్యోగం పర్మనెంటు చేశావు.

"స్కూలు తాతయ్య నాకు గంట ఇచ్చాడు" అని అది ఇంటికొచ్చి చెప్పింది. నువ్వేదో గౌరవం చేశావనుకుని మొదటి రెండు రోజులు సంబరపడింది. మూడో రోజు చేతులు నొప్పులంది. నాలుగో రోజు కడుపునొప్పి అంది. ఇవాళ పొద్దున మంచం కింద దూరింది. డ్యూటీకి పోవలసిన వాళ్లమ్మ కాళ్లు పట్టి బయటికి లాగింది. లాగుతూ అదీ ఏడ్చింది.

నేను చాలా పుస్తకాలు చదివాను. రాజులు తమ శత్రువుల్ని ఎన్ని రకాలుగా హింసించారో చదివాను. మేలు చేస్తున్నానని నమ్ముతూ హింసించినవాళ్లే ఎక్కువ కాలం ఏలారు.

కమిటీకి రాయడానికి కాగితం తీశాను. రేపటి దాకా ఆగుతాను.


హెడ్మాస్టరు గది.
మర్నాడు.

బావా,

గంట బంట్రోతుకి ఇచ్చేశాను. వరస ఎత్తేశాను, అందరికీ. మెట్ల మీద కుర్చీ తీయించేశాను. పొద్దున్నే ఎక్కడ కూర్చోవాలో తెలియక తోటలో నిలబడుతున్నాను. టీచర్లు నాకు ఒంట్లో బాగాలేదనుకుంటున్నారు.

నిజంగానే గౌరవం అనుకున్నాను. నమ్మితే నమ్ము, మానితే మాను.

నిన్న ఆ కుర్ర టీచరమ్మ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఇలాంటి పిల్లలు ఆరుగురున్నారు. ఆవిడ ఎవరినీ లేపి నిలబెట్టదు. ఎవరినీ తొందరపెట్టదు. "ఎలా వచ్చిందో చెప్పు" అంటుందే తప్ప "ఎంత?" అనదు. కోడిగుడ్ల అట్టలో పది గుంటలు కత్తిరించింది. వాటిలో గుండీలు నింపాలి. ఒక అట్ట నిండితే పది. పిచ్చుక ఎనిమిదికి ఐదు కలుపుతోంది. ఎనిమిది గుండీలు నింపింది. రెండు గుంటలు ఖాళీ. ఐదులోంచి రెండు తీసి ఆ గుంటల్లో పెట్టింది. చేతిలో మూడు మిగిలాయి. వాటిని చూస్తూ చాలాసేపు కూర్చుంది. నాకు లోపల నుంచి "పదమూడు, పదమూడు" అని తన్నుకొస్తోంది. టీచరమ్మ నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టింది. నన్ను, నా బడిలో.

పిచ్చుక కిటికీ అట్ట అంచున వేలు పెట్టి, పదిదాకా వెళ్లి, ఇంకో మూడు చుక్కలు నడిచింది. "పదమూడు" అంది. తలెత్తి చూస్తే నేను కనిపించాను. వెంటనే, "కాదు, కాదు, తప్పు" అని గుండీలన్నీ కలిపేసింది.

సరైన జవాబుని నా ముఖం చూసి చెరిపేసుకుంది, బావా.

అక్క సంగతి ఇంక రాయకు.


పై గది.
పరీక్షలకు ముందు.

బావమరిదికి,

రాయను.

పిచ్చుక ఇప్పుడు బడికి తనంతట తనే తయారవుతోంది, టీచరమ్మ క్లాసున్న రోజుల్లో. మిగతా రోజుల్లో ఇంకా కడుపునొప్పే. గళ్ల కాగితం మీద గడికో అంకె రాస్తోంది. పక్కపక్క అంకెలు ఒకదాన్నొకటి తొక్కుకోవడం లేదు. చిన్న కూడికలు వస్తున్నాయి. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం అన్న మాట వింటే మాత్రం ఇంకా ముఖం తెల్లబోతుంది. భాగహారం జోలికి పోలేదు. ఆ టీచరమ్మ నాతో నిజమే చెప్పింది: "రెండేళ్లు నా దగ్గర ఉంటే తన కాళ్ల మీద నిలబడుతుందండీ. ఇప్పుడు వదిలేస్తే ఈ కొంచెం కూడా మిగలదు." నీ కమిటీ రూలు ఆవిడకీ తెలుసు. మా అమ్మాయికీ తెలుసు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. గోడమీద కేలండరు కూడా తీసేశాం.

లెక్కల మధ్యలో విశ్రాంతికి దానికి నా పని నేర్పిస్తున్నాను. పాత ప్రూఫులు ముందేసి తప్పులు పట్టమంటాను. కన్ను నాది వచ్చింది దానికి. అచ్చుతప్పుని కొంగ చేపను పట్టినట్టు పడుతుంది. కొట్టేసే గీత, మార్జిన్లో సరైనది రాయడం, పక్కన నా పేరు పొడి అక్షరం పెట్టడం, అన్నీ ఎర్ర పెన్సిల్‌తో నేను చేసినట్టే చేస్తుంది. మొన్న నీ బడి వార్షికోత్సవం కరపత్రం తెచ్చి నీ సందేశంలో మూడు తప్పులు పట్టింది. దాచి ఉంచాను. నేను పోయాక నా వీలునామాతో పాటు నీకు చేరుతుంది.

అడగవలసింది ఒకటుంది. పరీక్షలో కిటికీ అట్ట, గళ్ల కాగితం, ఎక్కువ సమయం ఇప్పించు. 'అడుక్కోవడం లేదు' అని మొదటి ఉత్తరంలో రాశాను. ఇప్పుడు అడుక్కుంటున్నాను. చదివి సంతోషించు.


హెడ్మాస్టరు గది.

బావా,

అట్ట వెనక నేను సంతకం పెట్టి బడి ముద్ర వేశాను. ఎవరూ లాక్కోరు. గంట ఎక్కువ ఇస్తాను. పరీక్ష టీచరమ్మ గదిలో రాస్తుంది. నేను ఆ వైపుకు రాను.

సంతోషించలేదు.


హెడ్మాస్టరు గది.
పేపర్లు దిద్దిన వారం.

బావా,

ఇది చదివాక చింపెయ్.

ఇరవై ఎనిమిది వచ్చాయి. పోయినేడాది తొమ్మిది. తొమ్మిది నుంచి ఇరవై ఎనిమిది దాకా ఆ పిల్ల ఎక్కిన ఎత్తు నాకు తెలుసు, ఇప్పుడు. కానీ ముప్పయ్యైదు కావాలి.

కమిటీ సెక్రటరీతో మాట్లాడాను. "రూలు మార్చాలంటే వచ్చే ఏడాది చూద్దాం సార్, ఈ ఏడాదికి మీ ఇంటి పిల్ల ఉందిగా, జనం ఏమనుకుంటారు?" అన్నాడు. మా ఇంటి పిల్ల కాకపోతే ఈ ఏడాదే మార్చేవాళ్లేమో.

పేపరు ఇంటికి తెచ్చుకుని ఏడు మార్కుల కోసం వెతికాను. క్లాసు టీచరు పొరపాటున కొట్టేసిన లెక్క ఒక్కటీ లేదు. ఒక తప్పు లెక్క పక్కన రైటు పెట్టబోయాను. బావా, చెయ్యి రాలేదు. ఇన్నేళ్లలో తప్పు లెక్కకి రైటు పెట్టలేదు. నీకు నవ్వొస్తుంది. ఆరుకి ఏడు కలిపి పన్నెండు అని రాసి ఉంటే దాని పక్కన రైటు గుర్తు పెట్టడం నా వల్ల కాలేదు.

అందుకని లోపల ఏదీ ముట్టుకోలేదు. పేపరు పై అట్ట మీద, లెక్కకో గడి చొప్పున క్లాసు టీచరు వేసిన మార్కులు అలాగే ఉన్నాయి. కింద మొత్తం ఒక్కటే కొట్టేసి ముప్పయ్యైదు వేసి సంతకం పెట్టాను. క్లాసు టీచరుతో చెప్పాను. తల వంచుకుని సరేనన్నాడు. అతను తనంతట తాను నోరు విప్పే రకం కాదు.

పేపర్లు సంతకానికి ఇళ్లకి వస్తాయి. మేనకోడలు డ్యూటీ హడావిడిలో మొత్తం తప్ప ఇంకేమీ చూడదు. నువ్వు చూస్తావని తెలుసు కనుక ముందే రాస్తున్నాను. నువ్వు తప్ప ఆ ఇంట్లో ఆ గడులు కూడి చూసేవాళ్లు ఎవరున్నారు?


పై గది.

బావమరిదికి,

చింపమన్నావు. చింపలేదు. నీ చేతిరాతతో నీ నేరం నా సొరుగులో ఉంది. ఇలాంటి కాగితం ఒకటి దొరికితే ఏం చేయాలో చాలా ఏళ్లుగా ఊహించుకుంటూ బతికాను. పొద్దున్నే లేచి దానితో ముఖం కడుక్కునేవాణ్ని.

పేపరు వచ్చింది. మా అమ్మాయి మొత్తం చూసి నేల మీద కూర్చుంది. డ్యూటీ బట్టలతోనే. పిచ్చుక వచ్చి ఒళ్లో కూర్చుంది. వాళ్లమ్మ నవ్వడం చూసి ఆ పిల్ల నవ్వింది, ఎందుకో సరిగ్గా తెలియకుండానే.

నేను పేపరు పై అట్ట మీద గడులు చూశాను. కళ్లు మూసుకున్నాను. నా ఉద్యోగంలో తప్పు చూసి వదిలేసిన రోజు లేదు. మంత్రుల ఉపన్యాసాల్లో దిద్దాను, పెళ్లి శుభలేఖల్లో దిద్దాను, ఒకాయన తండ్రి సమాధి మీది రాతలో కూడా దిద్దించాను. ఇవాళ వదిలేస్తున్నాను.

నిన్ను క్షమించాననుకోకు. టీచరమ్మ దగ్గర ఇంకో ఏడాది. నాకు కావలసింది అంతే. సోమవారం పేపరు తిరిగి బడికి వస్తుంది. ఆ తర్వాత మనం మళ్లీ మాట్లాడుకోనక్కర్లేదు.


ఇంటి నుంచి.
మంగళవారం.

బావా,

నిన్న మధ్యాహ్నం నుంచి నేను హెడ్మాస్టర్ని కాదు. కమిటీ విచారణ అయ్యేదాకా బడి గేటు లోపలికి రావద్దన్నారు. అల్మారా తాళాలు బంట్రోతు చేతికిచ్చి వచ్చాను. వాడు తీసుకోవడానికి సిగ్గుపడ్డాడు.

నిన్న సెక్రటరీ తనిఖీకి వచ్చి క్లాసులో కూర్చుని ఉండగా ఆ పేపరు బయటపడిందట. ఎర్ర పెన్సిల్‌తో ముప్పయ్యైదు కొట్టేసి, మార్జిన్లో ఇరవై ఎనిమిది, పక్కన పొడి అక్షరం. నీ గీత నాకు తెలియదా? నలభై ఏళ్ల నుంచి చూస్తున్నాను.

చూసి వదిలేస్తున్నానని రాసి, సోమవారమే చేశావు. కక్ష తీర్చుకున్నావు, సరే. అక్క విషయంలో నీకా హక్కు ఉందేమో, నేను కాదనను. కానీ పిల్లని అడ్డం పెట్టి కొట్టావేం? దాని టీసీ మీద ఎవరు సంతకం పెడతారో ఆలోచించావా?

ఇంతకాలం నువ్వు నన్ను ద్వేషించినా నీ మాట మీద నాకు నమ్మకం ఉండేది.


పై గది,
ప్రెస్సు వెనక సందు.
బుధవారం.

బావమరిదికి,

గీత నాదే. చెయ్యి నాది కాదు.

పూర్తిగా రాస్తాను, ఎందుకంటే నీకు ఈ సంగతి ఇంకెవరూ సరిగ్గా చెప్పరు.

ఆదివారం పగలు నేను కిటికీ దగ్గర పుస్తకం చదువుకుంటున్నాను. పిచ్చుక బల్ల దగ్గర కూర్చుంది. టీచరమ్మ సెలవు రోజుకి ఇంటికిచ్చిన గుండీల సంచీ తీసింది, కోడిగుడ్ల అట్టలు పరిచింది. "ఏం చేస్తున్నావే?" అన్నాను. "ఆడుకుంటున్నా" అంది. నేను తల ఎత్తలేదు. గుండీలు గుంటల్లో పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. పడటం, ఆగడం, మళ్లీ అన్నీ బల్ల మీదికి దొర్లించడం, మళ్లీ మొదటి నుంచి పడటం. భోజనానికి పిలిచినా రాలేదు.

మధ్యలో ఒకసారి అడిగింది. "తాతయ్యా, పెద్దవాళ్లు సంతకం పెట్టేశాక కూడా తప్పు కనపడితే?"

ఏదో ప్రూఫు సంగతి అనుకున్నాను. పేజీ మీంచి కన్ను తీయకుండానే చెప్పాను: "ఎంత పెద్దవాడు సంతకం పెట్టినా దిద్దాలి. చూసి వదిలేస్తే అది దిద్దేవాడి తప్పు."

ముందు రోజే నేను చూసి వదిలేశానని దానికి తెలియదు.

నిన్న రాత్రి దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏం చేశావో చేసినట్టు చూపించమన్నాను. చూపించింది. పేపరు బడిలో ఉండిపోయింది కనుక ఆ గడులు నాకు గుర్తున్నట్టు కాగితం మీద రాసిస్తే, కిటికీ అట్ట వాటి మీద పెట్టింది. సందులో ఒక్క అంకె. ఏడు. ఏడు గుండీలు గుంటల్లో వేసింది. అట్ట కిందికి జరిపింది. నాలుగు. మొదటి పది నిండాక మిగిలిన ఒకటి రెండో అట్టలో వేసింది. ఆరు. మూడు. రెండో అట్ట సరిగ్గా నిండింది. "ఇక్కడ బాగుంది తాతయ్యా, ఒక్కటి కూడా మిగల్లేదు" అంది. ఆఖరున ఎనిమిది. రెండు నిండు అట్టలు, మూడోదానిలో ఎనిమిది. "రెండు పదులు, ఎనిమిది. ఇరవై ఎనిమిది. ఎన్నిసార్లు చేసినా ముప్పయ్యైదు రాలేదు. ముందు నాకే తప్పు వచ్చిందనుకున్నా. ఎప్పుడూ నాకే కదా వస్తుంది. కానీ ప్రతిసారీ ఒకటే వచ్చింది. ఎప్పుడూ అలా రాదు నాకు."

వాళ్లమ్మకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. క్లాసులో అందరినీ ఆశ్చర్యపరుద్దామనుకుందట. సోమవారం క్లాసులో లేచి నిలబడింది. తనంతట తను లేచి నిలబడటం అదే మొదటిసారని క్లాసు టీచరు చెప్పాడు. "సార్, ఇక్కడ స్కూలు తాతయ్యకి కూడిక తప్పు పడింది. నేను దిద్దాను" అంది. క్లాసు టీచరు పేపరు తీసి బల్లలో పెట్టబోయాడు. సెక్రటరీ చెయ్యి చాచాడు. పేపరు అందుకుని గడులు పైకే కూడాడు. ఆ పిల్ల అతని పెదవులు చూస్తూ నిలబడిందట, తన జవాబు వస్తుందో రాదోనని. ఇరవై ఎనిమిది అనగానే చప్పట్లు కొట్టుకుంది, ఒక్కతే.

ఆ ఇంట్లో కూడి చూసేవాళ్లు ఎవరున్నారని రాశావు. నేనూ అదే అనుకున్నాను. నీకన్నా నాకు సిగ్గుండాలి. దానికి నేర్పినవాణ్ని నేను.

ఇవాళ పొద్దున కమిటీ బంట్రోతు వచ్చాడు. టీసీ. ఇరవై ఎనిమిదే లెక్క కనుక రెండోసారి తప్పినట్టే. సాయంత్రం టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది. బడి పిల్లలకి తప్ప బయట చెప్పనని కాగితం రాసిచ్చి చేరిందట. గుండీల సంచీ ఉంచుకోమంది. పిచ్చుకని ముద్దు పెట్టుకోబోయి, ముఖం తిప్పుకుని దిగిపోయింది. అవతలి వీధి బడిలో చేర్చుకుంటారట. తప్పిన వాళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టే బడి. మా అమ్మాయి రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. తప్పెవరిదని అడగదు. వంటగదిలో గిన్నెలు కడుగుతుంది, కడిగినవే మళ్లీ కడుగుతుంది.

నీ ఉత్తరం సొరుగులోంచి తీసి పొయ్యిలో వేశాను. నీ కోసం కాదు. ఇక దానితో చేయడానికి ఏమీ మిగల్లేదు.

నువ్వు బడి గేటు బయట నిలబడే రోజు చూడాలని నేను కోరుకున్న మాట నిజం. చూశాను. చాలు.

పిచ్చుకకి ఇంకా అర్థం కాలేదు. కొత్త బడికి ఎందుకు పోవాలో వాళ్లమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇంతసేపూ నా పక్కన కూర్చుని నేను రాస్తుంటే చూస్తోంది. ఇప్పుడే అడిగింది, "తాతయ్యా, నా కూడిక కరెక్టేనా? నిజంగా?" అని.

కరెక్టేనని చెప్పాను.